అడుగు మిషన్ పట్టిన మనిషి

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు అడుగు మిషన్ ఒక హంతకుణ్ణి పట్టింది. హంతకుడి చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ ఉంది.

డాక్టర్ సువర్ణ ముందున్న తెర మీద ఎర్రగీత గుండె కొట్టుకున్నట్టు ఎగిరి పడుతోంది. దాని కింద అక్షరాలు. "తాళ్లపల్లి ఓదెలు. గుండ్లవాయి మండల కార్యాలయం హత్య కేసు. పోలిక 99.6 శాతం. స్థలం: పరిశోధనశాల వరండా."

ఓదెలు ఐదు నెలలుగా జైల్లో ఉన్నాడు. జైల్లో ఉన్న మనిషి వరండాలో ఎలా నడుస్తాడు? సువర్ణ కుర్చీ వెనక్కి నెట్టి తలుపు తీసి చూసింది. వరండాలో ఉన్నది ఆమె తండ్రి రాజలింగం. డెబ్బై ఏళ్ల మనిషి, కాళ్లు కాస్త ఎడంగా వేస్తూ, క్యారియర్‌లోని పులుసు ఒలకకుండా జాగ్రత్తగా వస్తున్నాడు. రోజూ వచ్చినట్టే వస్తున్నాడు. రోజూ ఆ వరండాలో నేల కింద పాతిన మిషన్ బిళ్లలు ఆపేసి ఉంటాయి. మర్నాడు శాసనసభ సెలెక్ట్ కమిటీ ముందు ప్రదర్శన ఉంది కనుక పొద్దున్నుంచి అవి పనిచేస్తున్నాయి.

"ఏందట్ల సూస్తున్నవ్ బిడ్డా? ఆకలైతలేదా?" అన్నాడు రాజలింగం.

సువర్ణ తెర వైపూ ఆయన వైపూ మార్చి మార్చి చూసింది.

మనిషి నడిస్తే నేల అదురుతుంది. ఎంత మెల్లగా నడిచినా సరే. మడమ ఎంత బరువుతో పడింది, వేళ్లు ఎప్పుడు లేచాయి, ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య ఎంత తడబాటు, ఇవన్నీ ఆ అదురులో ఉంటాయి. రూపాయి బిళ్లంత పరికరం ఒకటి నేలలో పాతిపెడితే అదంతా రాసుకుంటుంది. వేలిముద్రలాగే నడక కూడా ఎవరిది వాళ్లదేనని సువర్ణ పదకొండేళ్లు కష్టపడి నిరూపించింది. కాగితాల మీద దాని పేరు పదగతి గుర్తింపు వ్యవస్థ. జనం మాత్రం అడుగు మిషన్ అన్నారు, ఆ పేరే నిలిచింది.

మూడు జిల్లాల్లో ప్రయోగం కోసం ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. మార్చి పద్నాలుగున గుండ్లవాయి మండల కార్యాలయంలో, భోజనాల వేళ, సర్వేయరును ఎవరో తలమీద కొట్టి చంపారు. కరెంటు లేదు, కెమెరాలు పనిచేయలేదు. నేల కింది బిళ్లలకు మాత్రం సొంత బ్యాటరీ ఉంది. పోలీసులు ఓదెలును నడిపించి చూస్తే, ఆ రోజు అవి రాసుకున్న నడక అతనిదేనంది మిషన్. ఓదెలు తాళ్లెక్కే, అంటే తాటిచెట్లెక్కి కల్లు దించే, గీత కార్మికుడు. వాళ్ల తాటివనం మీదుగా రోడ్డుకు కొలతలు వేసినందుకు సర్వేయరుతో అంతకుముందే గొడవపడ్డాడు. ఇంకేం కావాలి? పత్రికలు మిషన్ ఫొటో మొదటి పేజీలో వేశాయి. ఆ ఊపులోనే బిల్లు తయారైంది. అందులో తొమ్మిదో సెక్షన్ చాలా చిన్నది. పోలిక తొంభై తొమ్మిది శాతం దాటితే అక్కడ నడిచింది ఆ మనిషేనని కోర్టు ఒప్పుకొని తీరాలి. బెయిలు లేదు. కాదని నిరూపించుకునే భారం నిందితుడిదే. ఈ సెక్షన్ రాసేటప్పుడు సువర్ణను పిలిచి సలహా అడిగారు. ఆమె బాగానే ఉందంది.

మూడు రోజుల కిందట ఓదెలు భార్య సమ్మక్క పరిశోధనశాలకు వచ్చి గేటు దగ్గర రెండు గంటలు కూర్చుంది. సువర్ణే లోపలికి పిలిచి, నీళ్లిచ్చి, నచ్చజెప్పబోయింది.

"మిషన్‌కు ఎవరి మీదా పగ ఉండదమ్మా."

"పగ లేదు, నిజమే. కనికరం సుత లేదు గద మేడం," అంది సమ్మక్క. "తాళ్లెక్కేటోళ్లు అందరు ఒక్కతీరే నడుస్తరు. చప్పుడు విని మా ఇంటాయన అనుకొని మా మరిదికి నీళ్లిచ్చిన దినాలున్నయి. గది మీ మిషన్‌కు జెప్పున్రి."

సువర్ణ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడు ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది. కానీ అది తర్వాత సంగతి. ఆ క్షణంలో ఆమె ఆలోచన అటు పోలేదు. పదకొండేళ్లుగా ఏ మిషన్ తప్పు చెప్పదని ఊరూరా తిరిగి చెప్పిందో, ఆ మిషన్ ఇప్పుడు హంతకుడి నడక ఆమె కన్నతండ్రిదేనంటోంది. ఆమె మిషన్‌నే నమ్మింది.

రాజలింగం ఆమె గదిలో బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి గిన్నెలు విప్పుతున్నాడు. అన్నం, పచ్చిపులుసు, వంకాయ కూర, పెరుగు. భార్య పోయినప్పటి నుంచి వంట ఆయనదే. ఇంట్లో ఉండేది ఇద్దరే.

సువర్ణ తలుపు మూసింది.

"నాయినా, మార్చి పద్నాలుగు నాడు నువ్వు ఎక్కడున్నవ్?"

రాజలింగం చేతిలో గరిటె ఆగింది. "గప్పటి ముచ్చట ఇప్పుడెందుకు?"

"చెప్పు."

"కంటి దవఖానకు వోయిన గద. నువ్వే పైసలిచ్చి పంపితివి."

అవును, ఆ ఉదయం ఆయన దవాఖానకని బయల్దేరి చీకటిపడే వేళకు వచ్చాడు. లుంగీకి మట్టి అంటుకుని ఉంది. బస్సులో రద్దీ అన్నాడు. సువర్ణ ఆయన ఎదురుగానే ఫోన్ తీసి దవాఖానకు చేసింది. అవతలి అమ్మాయి రిజిస్టరు చూసి, బుర్ర రాజలింగం పేరుతో ఆ రోజు ఎవరూ రాలేదంది.

గుండ్లవాయి వాళ్ల సొంత మండలమే. ఆ తాటివనంలో రాజలింగం ముప్పై ఏళ్లు ఎక్కిన పన్నెండు తాళ్లున్నాయి. రోడ్డు సంగతి తెలిసిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. "గా సర్వేయర్ చేతులిరగ" అని తిట్టడం ఆమె చెవులారా విన్నది. ఊరికి బస్సులో రెండు గంటలు. పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. లెక్క సరిపోతోంది.

"నాయినా, అబద్ధం చెప్పినవ్."

రాజలింగం తలెత్తి కూతుర్ని చూశాడు. ఆ చూపులో మొదట దొరికిపోయిన పిల్లాడి సిగ్గు ఉంది. తర్వాత ఆమె ముఖంలో ఏం కనబడిందో, ఆ సిగ్గు పోయింది.

"నేను గా సర్వేయర్‌ను సంపిన్ననుకుంటున్నవా?" అన్నాడు మెల్లగా.

సువర్ణ తెర మీది ఎర్రగీత వైపు చూసింది. ఆ చూపే జవాబయింది.

"తాడెక్కిన," అన్నాడు ఆయన. "రింగు రోడ్డు అవుతల మనోళ్లు ఓ నలుగురైదుగురు గీస్తరు. నెలకొక్కపారన్న వోత. ఊకె కూసుండి మాట్లాడొస్త. గా దినం మాత్రం ఎక్కిన. ఎక్కనని నీకు మాటిస్తిని గద, అందుకే దవఖాన అని చెప్పిన. సగం దాక ఎక్కినంక కాళ్లు వణికినయ్. దిగిన." గిన్నె మూత పెట్టాడు. "పోలీసోళ్లు అడిగితె నాకు గింత బాధ గాకపోవు బిడ్డా."

సువర్ణ కూర్చుండిపోయింది. ఏడవాలనిపించింది, ఏడ్చింది కూడా. తండ్రి లేచి వచ్చి తల నిమిరితే ఆ ఏడుపు తగ్గేదేమో. ఆయన లేవలేదు.

ఆమె ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నాయిన రాకను చప్పుడుతోనే పసిగట్టేది. గడప దాకా రాకముందే చెంబుతో నీళ్లు పట్టుకొని ఎదురెళ్లేది. అడుగు మిషన్ ఆలోచన మొదలైందే అక్కడ అని ఎన్నో సభల్లో చెప్పింది, జనం చప్పట్లు కొట్టారు. ఏ సభలోనూ చెప్పని సంగతి ఇంకొకటుంది. అది తనే మరచిపోయింది. ఒక్కోసారి చెంబుతో పరుగెత్తితే అక్కడ మొగులయ్య బాబాయి ఉండేవాడు. ఇంకోసారి పక్కవాడకట్టు చంద్రయ్య. అందరూ చెట్టెక్కే మోకు భుజాన వేసుకొని, కల్లుకుండ లొట్టి పట్టుకొని, అదే తీరున నడిచి వచ్చేవాళ్లు. "మీ నాయినను గాదే పిల్లా" అని నవ్వి నీళ్లు మాత్రం కాళ్ల మీద పోయించుకొని వెళ్లేవాళ్లు.

సమ్మక్క చెప్పింది అదే కదా!

ఆమె లేచి కంప్యూటర్‌లో పాత ఫైళ్లు తెరిచింది. మిషన్‌కు నడక నేర్పడానికి నలభై వేలమంది నడకలు సేకరించారు. అన్ని జిల్లాలు, అన్ని వయసులు, ఆడా మగా, కుంటివాళ్లు కూడా. ఏ ఒక్కరినీ వదల్లేదని గర్వంగా రాసుకున్నారు. సేకరణ జరిగిన చోట్లు: బస్టాండ్లు, రైతు బజార్లు, పార్కులు. వేళ: ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు. ఆ పట్టిక మీద సంతకం ఆమెదే.

ఉదయం ఆరు నుంచి తొమ్మిది. ఆ వేళ ఊళ్లల్లో తాళ్లెక్కే వాళ్లంతా తాళ్ల మీదే ఉంటారు. కాళ్లకు బంధంగా గుజి వేసుకొని, నడుముకు మోకు బిగించి, పొద్దున్న కల్లు దించకపోతే లొట్టి పొంగి పులిసిపోతుందని ఏ పనైనా మానుకొని ఎక్కుతారు. చిన్నప్పుడు ఒక్కరోజైనా నాయినతో కలిసి పొద్దున్న తినలేదు సువర్ణ. ఈ సంగతి వేరే శాస్త్రవేత్తకు తెలియకపోతే క్షమించవచ్చు. గీత కార్మికుడి కూతురికి తెలియదంటే ఎవరు క్షమిస్తారు? నలభై వేలమందిలో వృత్తి దగ్గర కల్లుగీత అని రాసినవాడు ఒక్కడూ లేడు. మిషన్ జన్మలో చూసిన మొదటి గీత కార్మికుడి నడక ఓదెలుది. ఆ నడక అతని ఒక్కడిదేననుకుంది.

గుజి కాళ్లను దగ్గరకు కట్టేస్తుంది. ముప్పై ఏళ్లు అలా ఎక్కి దిగితే పాదం బయటి అంచు మీద నిలవడం నేర్చుకుంటుంది, మోకాలు వంగిపోతుంది. నేల మీద నడుస్తున్నా కాలు చెట్టునే వెతుక్కుంటుంది.

గడియారం రెండున్నర చూపిస్తోంది. ప్రయోగ ఉత్తర్వు ప్రకారం ఆ రోజు వచ్చిన పోలికలన్నీ, గేటు రిజిస్టరులోని పేర్లతో సహా, సాయంత్రం అయిదుకు వాటంతటవే పోలీసుల ప్రత్యేక విభాగానికి వెళ్లిపోతాయి. ఆలోపు మాత్రం ఏదైనా పోలికకు 'పరీక్ష కోసం' అని గుర్తుపెట్టి తుడిచేసే వీలుంది.

డైరెక్టర్ చక్రపాణి అంతా విని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"తుడిచెయ్యమ్మా. ఇందులో ఆలోచించడానికేముంది? మీ నాన్నగారు ఇంటికెళ్లి హాయిగా పడుకుంటారు. రేపు ప్రదర్శన పూర్తిచేద్దాం. బిల్లు పాసయ్యాక గీతకార్మికుల నడకలు కూడా చేర్చి సరిదిద్దుకుందాం."

"ఓదెలు సంగతి?"

"కోర్టు చూసుకుంటుంది."

"తొమ్మిదో సెక్షన్ వస్తే కోర్టు చూసుకోవడానికి ఏం మిగలదు సార్."

"తుడవకపోతే ఏమవుతుందో తెలుసా నీకు?" ఆయన గొంతు తగ్గించాడు. చెడ్డవాడేం కాదు, నిజంగానే భయపడ్డాడు. "సొంత ఊరు, సర్వేయరు మీద కోపం, ఆ రోజు ఎక్కడున్నాడో అబద్ధం చెప్పాడు. మీ నాన్నను ఓదెలు పక్క గదిలో పెడతారు. నీ చేత్తో నువ్వే పంపిస్తావా?"

సువర్ణ గదిలోకి తిరిగొచ్చి తెర ముందు కూర్చుంది. ఒక్క మీట. వేలు దాని మీదే పెట్టి ఉంచింది. నాలుగున్నర అయింది. రాజలింగం అక్కడే కుర్చీలో, తినని క్యారియర్ ఒళ్లో పెట్టుకొని ఉన్నాడు. ఆమె ఏమీ దాచకుండా చెప్పింది. తుడిస్తే ఏమవుతుంది, తుడవకపోతే ఏమవుతుంది.

"గా ఓదెలు పెండ్లికి నేను వోయిన," అన్నాడు రాజలింగం. "సమ్మక్కకు ఇద్దరు పిల్లలు. నువ్వు తుడిస్తివనుకో, మల్ల నాకు పొద్దుగాల అన్నం సయిస్తదా? నీకు సయిస్తదా?"

"నిన్ను తీస్కపోతరు నాయినా."

"తాడు మీదికెళ్లి పడ్డోన్ని. గిది గంతకంటె పెద్దదా?" అని లేచాడు. "వేలు తియ్యి."

ఆమె వేలు తీసింది. అయిదు కొట్టింది. తెర మీద ఎర్రగీత పచ్చగా మారి, 'పంపబడింది' అని చూపించింది. ఒక ముసలాయన పేరు అంత మామూలుగా వెళ్లిపోయింది.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ రింగు రోడ్డు అవతలికి వెళ్లారు. సాయంత్రం కల్లు దించుకొని వస్తున్న ఆరుగురు రాజలింగాన్ని చూసి కేకలేశారు. సువర్ణ వాళ్లకు జరిగింది చెప్పింది. రేపు కమిటీ ముందు నడవమని అడిగింది. నడిస్తే వాళ్ల పేర్లు కూడా అదే జాబితాలోకి పోతాయని కూడా చెప్పింది.

"అంటె నడిస్తె కేసైతది," అన్నాడు అందులో పెద్దవాడైన ఐలయ్య. "నడవకపోతె?"

"నడవకపోతే బిల్లు పాసైతది. అప్పుడు మీరు ఏ బస్టాండ్ల నడిచినా కేసే."

ఐలయ్య లొట్టి కింద పెట్టి మెడ గోక్కున్నాడు. "సరే గని, పొద్దుగాల మాత్రం రాలేం. తాళ్లు దిగినంకనే."

మర్నాడు తొమ్మిది గంటలకు సెలెక్ట్ కమిటీ కూర్చుంది. నల్లటి చాప లాంటి పట్టీ హాలు పొడవునా పరిచారు. చక్రపాణి సువర్ణ వైపు చూడటం లేదు. రాజలింగం ఒక్కడే గోడపక్క నిలబడి ఉన్నాడు. తొమ్మిదిన్నర అయింది, పది అయింది. సభ్యులు గడియారాలు చూసుకుంటున్నారు. ఒకాయన టీ రెండోసారి తెప్పించుకున్నాడు. రారేమోనని సువర్ణ తలుపు వైపే చూస్తోంది. ఎందుకొస్తారు? ఎవరికోసం? తనైతే వచ్చేదా?

"ఏమిటమ్మా ఇది? శాసనసభ్యులను ఇలా కూర్చోబెట్టడం పద్ధతేనా?" అని చైర్మన్ విసుక్కున్నాడు.

పదిన్నరకు తలుపు తెరుచుకుంది. చెమట కూడా ఆరని ఒంటితో ఆరుగురూ వచ్చారు. చైర్మన్ వైపు తిరిగి సువర్ణ అంది:

"గంటన్నర ఆలస్యమైంది, క్షమించండి. వీళ్లు తాళ్ల మీద నుంచి దిగి వస్తున్నారు. వీళ్లు తాళ్ల మీదుండే ఆ పొద్దుటి వేళలోనే మేం రాష్ట్రమంతా నడకలు సేకరించాం. మీరు ఎదురుచూశారు. మేం చూడలేదు."

ముందు రాజలింగం నడిచాడు. పెద్ద తెర మీద అక్షరాలు పడ్డాయి. తాళ్లపల్లి ఓదెలు, 99.6. ఐలయ్య నడిచాడు. తాళ్లపల్లి ఓదెలు, 99.2. తర్వాతి వాడు, 99.4. ఒకడికి మాత్రం 81 దగ్గర ఆగింది. అతను తాళ్లెక్కడం మొదలుపెట్టి మూడేళ్లేనట. మిగతా ముగ్గురినీ మిషన్ వరసగా ఓదెలు అనే పిలిచింది.

"ముందే మాట్లాడుకొని ఒకేలా నడిచారేమో!" అన్నాడు ఒక సభ్యుడు.

"మిషన్‌ను నడక మార్చి మోసం చేయవచ్చంటే, తొమ్మిదో సెక్షన్ ఉండకూడదనడానికి అది ఇంకో కారణం," అంది సువర్ణ.

"కానీ వీళ్లలోనే ఒకడు నిజంగా హంతకుడై ఉండొచ్చు కదా?"

సువర్ణ నోరు తెరిచేలోపే రాజలింగం మాట్లాడాడు. "ఉండొచ్చు అయ్యా. గట్లయితే నేను, గీ అయిదుగురు, లోపలున్న ఓదెలు కలిసి ఏడుగురం. ఒక్కని కోసం ఆరుగురిని లోపలేస్తరా? సెప్పున్రి, నడుచుకుంట వోతం."

చైర్మన్ తన ముందున్న బిల్లు ప్రతిని కాసేపు చూసి మూసేశాడు. ఏ నిర్ణయమూ చెప్పలేదు. సమావేశం వాయిదా పడింది.

గేటు దగ్గర ఇద్దరు పోలీసులు రాజలింగం కోసం ఎదురుచూస్తున్నారు. ముందురోజు అయిదు గంటలకు వెళ్లిన పేరు దాని పని అది చేసింది. ఆయన జీపు ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "పాలు తోడేసిన బిడ్డా. ఫ్రిజ్జుల పెట్టు, పులుస్తది," అన్నాడు. అంతే అన్నాడు.

ఆ రోజు సాయంత్రం అయిదుకు ఐలయ్య, అతని మనుషుల పేర్లూ వెళ్లాయి. వాళ్లను రెండు రోజులు విచారించి వదిలేశారు. రాజలింగాన్ని మాత్రం వదల్లేదు. మార్చి పద్నాలుగున ఆయన తాడెక్కినప్పుడు అక్కడుండి చూసింది, మిషన్ ఓదెలన్న ఆ ఐదుగురే. వాళ్లే అనుమానితులు కనుక వాళ్ల మాట చెల్లదన్నారు. పత్రికల్లో ఆ సంగతి వచ్చాక పెద్ద గొడవైంది. పదకొండు రోజుల తర్వాత కమిటీ తొమ్మిదో సెక్షన్ తీసేయమని రాసింది, ప్రయోగ ఉత్తర్వు ఆగిపోయింది. ఆ సాయంత్రమే రాజలింగాన్ని విడిచిపెట్టారు. ఓదెలుకు ఇంకో మూడు వారాలకు బెయిలు దొరికింది. సర్వేయరును చంపిందెవరో ఇప్పటికీ తేలలేదు.

విడుదల కాగితం మర్నాడు వస్తుందని చెప్పారు గనుక సువర్ణ జైలుకు వెళ్లలేదు. ఇంట్లో ఒక్కతే కూర్చొని, రాజీనామా ఉత్తరం నాలుగోసారి చదువుకుంటోంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. పాదం బయటి అంచు ముందు, మడమ తర్వాత. ఆమె గబుక్కున లేచింది. తలుపు దగ్గరకు పరుగెత్తి, గడియ మీద చెయ్యివేసి ఆగిపోయింది. నాయినే అని ఎలా చెప్పగలదు?

అవతల అడుగులు ఆగాయి. "ఎవరు?" అంది. గొంతు సవరించుకున్న చప్పుడు. జైల్లో పూటపూటా వరసలో నిలబెట్టి హాజరు వేసేటప్పుడు ఎలా పలకమన్నారో, అలవాటైపోయిన ఆ గొంతుతో ఆయన అన్నాడు:

"బుర్ర రాజలింగం. తండ్రి మొగిలి."

సువర్ణ గడియ తీసింది.